గృహనిర్వహణము: పెంపుడు కుక్కలు, దుముకుడు పురుగులు



వానకాలమున మన యిండ్లకు పిలువని చుట్టములు పెక్కుమంది వత్తురు. చీమ, దోమ, చెద మొదలగువాని మాట అందఱకును తెలిసినదే. ఈ నెల ఒక చందాదారు సోదరి వ్రాసిన జాబునుబట్టి, అంతగా తెలియని వేఱొక పురుగును గూర్చి వ్రాయుచున్నాను. ఆమె యింట ఐదేండ్లుగా ఒక కుక్క యున్నది. పిల్లలతోపాటు పెరిగినది, రాత్రులు వాకిలి కాచునది. రెండు నెలలనుండి దాని బొచ్చులో ఏవో చిన్న పురుగులు చేరి, పిల్లల కాళ్లను గూడ కుట్టుచున్నవట. వేపనూనె పూసిరి, మూలల కర్పూరము చల్లిరి. రెండు దినములు తగ్గినట్లే తగ్గి, మరల ఎప్పటివలె నైనది. కుక్కను ఊరవతల విడిచి రండని అత్తగారు పట్టుబట్టుచున్నారు. ఆ మాట విన్నది మొదలు పిల్లలు సరిగా అన్నము తినుట లేదు. పెద్దల మాట కాదనలేక, పిల్లల దుఃఖము చూడలేక ఆ సోదరి ఉపాయము చెప్పుమని కోరినది.

ఆమెకును, అట్టి చిక్కునందున్న తక్కినవారికిని చెప్పదలచిన ముఖ్యమైన మాటను మొదటనే చెప్పెదను. కుక్కను విడిచినంతమాత్రమున ఇంటిలోని పురుగులు దాని వెంట పోవు. అవి మీ యింటనే యుండును. అంతదనుక కుక్కను కుట్టినవి ఇక మిమ్మును, మీ పిల్లలను కుట్టును. ఇది వింతగా తోచవచ్చును గాని, ఆ పురుగు పుట్టుక, పెంపు తెలిసినచో ఇందలి నిజము బోధపడును. కావున మందు చెప్పుటకు ముందు దాని చరిత్రము కొంత చెప్పెదను.

పురుగును గుర్తించుట

మన పెంపుడు జంతువుల నాశ్రయించు పురుగులు ముఖ్యముగా మూడు తెగలు. చర్మమునకు అంటిపెట్టుకొని, రక్తము త్రాగి ఆముదపు గింజవలె ఉబ్బి, కదలక యుండునది గోమారి. దీనినే పిడుదు అనియు అందురు. వెండ్రుకల మొదట నెమ్మదిగా ప్రాకుచు, ఈపులను వెండ్రుకలకు అంటించునది పేను. మూడవది ఆంగ్లేయులు ఫ్లీ అనునది. దీనిని ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేర పిలుతురు. కొందఱు దీనిని గూడ పేను అనియో, గోమారి అనియో అందురు. అందువలన ఒకదానికి చేయవలసిన ఉపాయము వేఱొకదానికి చేయుట తటస్థించుచున్నది. ఈ వ్యాసమున నేను దానిని దుముకుడు పురుగు అని పిలిచెదను. ఏలయన దుముకుటయే దాని గుఱుతు.

ఇది నువ్వుగింజకంటె చిన్నది. వన్నె ముదురు గోధుమరంగు. ఒడలు ఇరుప్రక్కల నొక్కినట్లు పలుచనై యుండుటచే బొచ్చు నడుమ సులభముగా దూరిపోవును. రెక్కలు లేవు, కాని వెనుకకాళ్ల బలముచే తన పొడవునకు నూఱు రెట్ల దూరము ఎగిరి పడగలదు. వ్రేళ్ల నడుమ నలిపినను చావక జాఱిపోవును. కుక్కలపై కనబడు దానికిని, పిల్లులపై కనబడు దానికిని పెద్ద భేదము లేదు. ఒకే జాతి రెండింటిని ఆశ్రయించుచుండును.

కంటికి చిక్కలేదు గనుక పురుగు లేదనుకొనరాదు. సులభమైన పరీక్ష యొకటి కలదు. కుక్కను తెల్లని కాగితముపై గాని బట్టపై గాని నిలిపి, నడుము వెనుకను తోక మొదటను పేలదువ్వెనతో దువ్వుడు. మిరియపు పొడివంటి నల్లని రేణువులు రాలినచో, వానిపై ఒక నీటిచుక్క వేయుడు. చుట్టును ఎఱ్ఱని జీర వ్యాపించినచో అది మట్టి గాదు, పురుగు త్రాగి విసర్జించిన రక్తము. జీర రానియెడల అది వట్టి దుమ్ము. మనుష్యులకైనచో చీలమండల చుట్టును, పిక్కలపైనను రెండు మూడు చొప్పున గుంపుగా దద్దురులు లేచి మిక్కిలి దురద పెట్టును.

దాని సంసారము

కుక్కపై మనకు కనబడునవి పెరిగిన పురుగులు మాత్రమే. ఆడుపురుగు రక్తము త్రాగిన ఒకటి రెండు దినములకే గ్రుడ్లు పెట్ట నారంభించును. దినమునకు 20 మొదలు 50 వఱకు పెట్టగలదు. ఆ గ్రుడ్లకు జిగురు లేదు. కుక్క లేచి ఒడలు దులుపుకొనినపుడెల్ల అవి ఉప్పు రాలినట్లు నేల రాలును. అది ఎచ్చట పండుకొనునో, ఎచ్చట తిరుగునో, అచ్చటనెల్ల గ్రుడ్లు చల్లబడును.

2 మొదలు 10 దినములలో గ్రుడ్డు పగిలి, తెల్లని దారపు తునుకవంటి పిల్లపురుగు వెలువడును. దానికి కాళ్లు లేవు, కన్నులు లేవు. అది వెలుతురు సహింపలేక చాపల క్రిందికిని, నేల బీటలలోనికిని, గోడ మూలలకును ప్రాకిపోవును. అది ఎన్నడును కుక్కపైకి ఎక్కదు. పైనుండి రాలిన ఎండు రక్తపు రేణువులే దాని ముఖ్యాహారము. తల్లి పైనుండి గ్రుడ్లను రాల్చుచు, వానితోపాటు బిడ్డలకు కూడును గూడ రాల్చుచుండునన్నమాట. గాలిలో తేమ లేనిదే ఆ పిల్లపురుగు బ్రదుకజాలదు. ఎండ తగిలినచో చచ్చును. వానకాలమున ఈ బాధ పెరుగుటకు కారణమిదియే.

ఒకటి రెండు వారములు పెరిగిన పిదప అది పట్టువంటి దారముతో తనచుట్టు గూడు అల్లుకొనును. ఆ గూడు జిగటగా నుండును గనుక దుమ్ము, ఇసుక అంటుకొని, ఇంటి ధూళిలో ధూళియై పోవును. ఆ గూటిలోని పురుగునకు మన మందులు సులభముగా తగులవు. అది సుమారు వారము పది దినములలో సిద్ధమైనను వెంటనే వెలికి రాదు. అడుగుల అదురు, ప్రాణి ఒడలి వెచ్చదనము, ఊపిరి గాలి సోకువఱకు కొన్ని నెలలు సైతము లోపలనే కాచియుండగలదు.

వేసవి సెలవులలో ఇల్లు తాళము పెట్టి పుట్టింటికి పోయి, నెల దాటిన పిదప తిరిగివచ్చి తలుపు తీసి లోపల అడుగిడగానే, కాళ్లకు పదులకొలది పురుగులు తగులుకొనుట కొందఱకు అనుభవమే. ఇంట కుక్కయు లేదే, పిల్లియు లేదే, ఇవి ఎచ్చటినుండి వచ్చెనని వారు ఆశ్చర్యపడుదురు. అవి వచ్చినవి గావు. నేలలో నిద్రించుచున్నవి అడుగుల చప్పుడునకు మేల్కొన్నవి.

ఇంటిలో నున్న మొత్తములో నూటికి 5 మాత్రమే పెరిగిన పురుగులనియు, తక్కిన 95 గ్రుడ్లుగా, పిల్లలుగా, గూళ్లుగా నేలపై నుండుననియు శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. ఆ సోదరి పూసిన వేపనూనె రెండు దినములే పనిచేయుటకు కారణము ఇప్పుడు తెలిసినదిగదా! ఒడలిపైనున్న ఐదు పోగా, నేలనుండి వేఱొక ఐదు వచ్చి చేరినవి. కుక్కను ఊరవతల విడిచినను ఆ ఐదింటినే దానితో పంపినవారమగుదుము.

పంచతంత్రమున మందవిసర్పిణి యను పేను కథ మనలో పెక్కుమంది వినియున్నదే. రాజుగారి శయ్యలో నెమ్మదిగా కాలము గడుపుకొనుచున్న పేనువద్దకు ఒక నల్లి అతిథిగా వచ్చి, రాజు నిద్రపోకముందే తొందరపడి కుట్టినది. రాజు ఉలికిపడి లేచెను. భటులు దీపము తెచ్చి వెదకునప్పటికి కుట్టిన నల్లి తప్పించుకొని దాగెను. కదలలేని పేను దొరకి చచ్చెను. మన యిండ్లలోను అటులే జరుగుచున్నది. కుట్టినది నేల బీటలో దాగియుండును, కంటికి దొరకిన కుక్క శిక్ష పొందును.

నలువది దినముల దీక్ష

గ్రుడ్డు మొదలుకొని పెరిగిన పురుగువఱకు ఒక తరము నడచుటకు మన వెచ్చని, తేమగల దేశమున మూడు వారములు చాలును. కావున రెండు తరములు దాటువఱకు, అనగా ఒక మండలము, విడువక పనిచేయవలయును. పది దినములకే పురుగు కనబడుట లేదని మానినచో పడిన శ్రమ వ్యర్థమగును. పని మూడు చోట్ల ఒక్కమాఱు సాగవలయును: జంతువు ఒడలిపైన, దాని పడకయందు, ఇంటి నేలపైన.

ఒడలు: ప్రతి సాయంకాలము పది నిమిషములు పేలదువ్వెనతో దువ్వుడు. మెడ, చెవుల వెనుక, పొట్ట, తోక మొదలు ముఖ్యస్థానములు. ప్రక్కన ఒక గిన్నెలో సబ్బునీరు ఉంచుకొని, దువ్వెనకు చిక్కిన పురుగులను అందులో ముంచవలయును. వట్టి నీటిలోనైన అవి తేలి, మరల దుమికి పోవును. సబ్బు కలిసిన నీటిలో మునిగి చచ్చును. ఇందుకు ఖర్చు లేదు, హాని లేదు. కుక్కకును పిల్లికిని, పసికూనలకును ఇది పనికివచ్చును. నేను చెప్పు ఉపాయములలో దీనిని మించినది లేదు.

స్నానము: పెద్ద కుక్కకు వారమునకు ఒకమాఱు స్నానము చాలును. కుక్కలకొఱకు చేసిన సబ్బు గాని, బాగుగా వడియగట్టిన పలుచని కుంకుడురసము గాని వాడవచ్చును. కుంకుడు నురుగు కన్నులలో పడినచో మిక్కిలి మంట పెట్టును, కావున ముఖమునకు తగులనీయరాదు. మొదట మెడచుట్టును నురుగుతో కట్టువలె రుద్ది, పిదప ఒడలు తడుపవలయును. లేనిచో తడి తగులగానే పురుగులన్నియు పరుగెత్తి చెవులలోనికిని, కన్నులచుట్టును చేరును. నురుగు ఐదు నిమిషములు నిలిపి, నీటితో శుభ్రముగా కడిగి, ఎండలో తుడిచి ఆఱబెట్టుడు. చర్మము పుండ్లుపడియున్నచో కుంకుడురసము వాడవలదు.

పడక: కుక్క ఎచ్చటబడిన అచ్చట పండుకొనకుండ దానికి ఒక చోటు ఏర్పఱచుట మొదటి పని. అప్పుడు గ్రుడ్లలో అధికభాగము అచ్చటనే రాలును. మన పని తేలికయగును. మందపు బొంతకంటె సులభముగా ఉతుకదగిన పాత దుప్పటి మేలు. వారమునకొకమాఱు దానిని మరుగుచున్న నీటిలో నానబెట్టి, సబ్బుతో ఉతికి, మండుటెండలో ఆఱవేయుడు. ఎత్తునపుడు దులుపక, నాలుగు మూలలు లోనికి మడిచి ఎత్తవలయును. దులిపినచో గ్రుడ్లు ఇల్లంతయు చల్లబడును. కుక్క పిల్లల పరుపుపై పండుకొను నలవాటుగలదైన, ఆ పరుపు గలీబును, దుప్పట్లను గూడ ఇట్లే చేయుడు. పరుపును రెండుప్రక్కల త్రిప్పి ఎండవేయుడు.

నేల: ప్రతిదినము ఊడ్చుట మనకు అలవాటే. కాని నడుమ ఊడ్చి మూలలు విడుచుట గూడ చాలమందికి అలవాటే. పురుగు నడుమ నుండదు, మూలలనే యుండును. మంచము క్రింద, బీరువా క్రింద, చాప అడుగున, గోడ మొదట, తలుపు వెనుక, మెట్ల సందున గట్టి చీపురుతో ఊడ్చుడు. ఇండ్లలో విద్యుత్తుతో దుమ్ము పీల్చు యంత్రముగలవారు దానిని వాడినచో మఱింత మంచిది. ఆ యంత్రపు అదురునకు గూళ్లలోని పురుగులు వెలికివచ్చి దానిలోనే పడును. ఊడ్చిన చెత్తను పెరటిలో పాఱబోసినచో అవి వచ్చినదారినే తిరిగివచ్చును. సబ్బునీటిలో వేయుడు, లేదా సంచిలో వేసి మూతి బిగించి వెంటనే బయటికి పంపుడు. నేల తుడిచిన పిదప తడి నిలువనీయక, తలుపులు తెఱచియో పంఖా వేసియో ఆఱబెట్టుడు.

మట్టినేల గలవారు బీటలు పూడ్చి అలుకవలయును. పేడ పురుగును చంపుననుట కిది గాదు. బీట పూడినచో పిల్లపురుగు దాగుటకు చోటు లేకపోవును. బండలు పఱచిన నేలయైనచో సందులను సిమెంటుతో పూయించుడు.

పెరడు: ఎండ పడుచోట ఈ పురుగు నిలువదు. అరుగు క్రింద, పొదల నీడను, కట్టెల ప్రోగు ప్రక్కను, కుక్క మధ్యాహ్నము గోతిచేసికొని పండుకొనుచోట మాత్రము నిలుచును. రాలిన ఆకులు ఊడ్చి, పొదల అడుగుకొమ్మలు నఱికి, ఎండ లోనికి రానిచ్చినచో అదియే మందు.

దీపపు పళ్లెము: పురుగు ఉన్నదో పోయినదో తెలిసికొనుటకు ఒక ఉపాయము చెప్పెదను. రాత్రి గదిలోని పెద్ద దీపము ఆర్పి, నేలపై వెడల్పైన పళ్లెములో సబ్బునీరు పోసి, దానిపై కొంచెము ఎత్తున చిన్న విద్యుద్దీపము వ్రేలాడునట్లు కట్టుడు. తీగె నీటికి తగులకుండ చూచుకొనవలయును. పిల్లలు తిరుగు గదిలో దీనిని పెట్టరాదు. వెలుతురునకును వెచ్చదనమునకును ఆశపడి దుమికిన పురుగులు నీటిలో పడియుండుట ఉదయమున కనబడును. దీనితోనే పురుగులన్నియు నశింపవు. ఏ గదిలో ఎక్కువ యున్నవో తెలియును. తెల్లని మేజోళ్లు తొడుగుకొని గదిలో కొంతసేపు మెల్లగా నడచినను తెలియును.

వేప విషయము

వేపాకునందును వేపగింజయందును పురుగుల పెంపును ఆపు గుణము కలదనుట సత్యమే. ఆకులు కాచి చల్లార్చి వడియగట్టిన నీటితో పెద్ద కుక్కను చివర కడుగవచ్చును. పడక క్రింద ఎండిన వేపాకు పఱచినను తప్పులేదు. కాని వేప సహాయకారియే గాని, పైన చెప్పిన పనులకు బదులు గాదు. చిక్కని వేపనూనెను ఒడలంతయు పూయుట మంచిది గాదు. కుక్క దానిని నాకును. పిల్లులకును, పసికూనలకును, చూలుతోనున్న జంతువులకును వేపనూనె పూయనే కూడదు.

చేయకూడనివి

చెట్టునుండి వచ్చినది గనుక హానిచేయదను నమ్మిక మనలో బలముగా నున్నది. ఉమ్మెత్తయు చెట్టునుండి వచ్చినదే గదా! పొగాకు కషాయముతో కుక్కను కడుగుదురు. అందలి విషము చర్మముద్వారా లోనికి పోయి ప్రాణము తీయగలదు. వెల్లుల్లి, ఉల్లి తినిపించినచో రక్తము వాసనకు పురుగు దరిజేరదని కొందఱు చెప్పుదురు. అవి కుక్కలకును పిల్లులకును రక్తకణములను నశింపజేయును. కర్పూరము, కలరా ఉండలు ఇంటి మూలల చల్లుట జంతువులకే గాక ప్రాకులాడు పసిబిడ్డలకును అపాయము. బిడ్డ ఒక్క కర్పూరపు బిళ్ల మ్రింగినను మూర్ఛ రావచ్చును. అంగళ్లలో అమ్ము సువాసన తైలములు, ముఖ్యముగా టీట్రీ నూనె, కొద్దిగా పూసినను పిల్లికి విషమే.

కిరసనాయిలు పూయుట చర్మమును కాల్చును. నాకినచో ఊపిరితిత్తులు చెడును. పెద్దలకు జ్ఞాపకముండు గమాక్సిను పొడి మాటయు తలపెట్టరాదు. దానికి మూలమైన బి.హెచ్.సి. వాడుక మన దేశమున 1997లోను, శుద్ధరూపమైన లిండేను వాడుక 2013లోను నిషేధింపబడినవి. పాత డబ్బా ఎక్కడనైన మిగిలియున్నచో పిల్లలకు అందకుండ తొలగింపవలయును.

పిల్లి విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పిల్లి తన ఒడలంతయు నాకి శుభ్రపఱచుకొనును. కావున దాని బొచ్చుపై మనము పూసినదంతయు దాని కడుపులోనికి పోవును. కుక్క జీర్ణించుకొనగల పెక్కు పదార్థములను పిల్లి కాలేయము విఱుగగొట్టజాలదు. మా యెఱుకలోని ఒక యింట కుక్కకొఱకు తెచ్చిన పొడిని మిగిలినదిగదా యని పిల్లికిని చల్లిరి. తెల్లవాఱునప్పటికి అది వణకివణకి చచ్చినది. ఆ యింటి చిన్నపిల్ల పెక్కు దినములు కోలుకొనలేదు. డబ్బాపై పర్మెత్రిను అను మాట యున్నచో పిల్లి దరిదాపులకు రానీయరాదు. పిల్లికి దువ్వెనయే మందు.

వైద్యునకు చూపవలసిన సమయము

ఇంటి ఉపాయములకు హద్దు కలదు. పురుగులు పెక్కుగా పట్టినపుడు కుక్కపిల్ల, పిల్లికూన రక్తము తఱిగి చచ్చిపోవచ్చును. పెదవి యెత్తి చిగుళ్లు చూడుడు. ఎఱ్ఱగా నుండవలసినవి తెల్లబడినచో, కూన తల వ్రేలవేసినచో, ఆ దినమే పశువైద్యశాలకు తీసికొనిపొండు. అట్టి సమయమున నలువది దినముల దీక్ష పనికిరాదు. మెడపై చుక్కగా వేయు మందులును, మ్రింగించు మాత్రలును ఇప్పుడు దొరకును. జంతువు బరువు, వయస్సు చూచి వైద్యుడే చెప్పవలయును.

కుక్క తోక క్రింద గాని మలమునందు గాని దోసగింజలవంటి తెల్లని ముక్కలు కనబడినచో, దాని కడుపులో బద్దెపురుగు చేరినదని తెలిసికొనుడు. దుముకుడు పురుగును కొఱికి మ్రింగుటవలన అది వచ్చును. నేలపై ఆడుకొను పసిబిడ్డ అట్టి పురుగును నోట వేసికొనినచో బిడ్డకును రావచ్చును. రెండింటికిని మందు గలదు, భయపడ నక్కఱలేదు. కాని పురుగును ఇంట నుంచుకొని కడుపునకు మాత్రము మందు వేసినచో మరల వచ్చును.

ఎలుకలను గూర్చి ఒక మాట

దుముకుడు పురుగనగానే కొందఱకు ప్లేగు జ్ఞాపకము వచ్చును. ఎలుకనుండి ఎలుకకు ఆ జాడ్యమును మోయునది వానిపైనుండు పురుగేయని 1898లో కరాచీ నగరమున పాల్ లూయీ సీమండ్ అను ఫ్రెంచి వైద్యుడు ప్రయోగముచే చూపెను. తోడి వైద్యులు మొదట నమ్మలేదు. 1905 మొదలుకొని బొంబాయిలో పనిచేసిన పరిశోధక సంఘము ఆ మాటను స్థిరపఱచినది. ఎలుకపై నుండునది వేఱు జాతి. కుక్కపై పురుగును చూచి ప్లేగని బెదరవలసిన పనిలేదు. కాని ఎలుకల పురుగు వేఱొక విషజ్వరమును గూడ తెచ్చును గనుక, ఇంట ఎలుకలను చేరనీయరాదు. కారణము తెలియకుండ ఎలుకలు వరుసగా చచ్చి పడుచున్నచో చేతితో ముట్టక, ఆరోగ్యశాఖవారికి తెలుపవలయును. చచ్చిన ఎలుక ఒడలు చల్లబడగానే దానిపైని పురుగులు వెచ్చని ఒడలిని వెదకుకొనుచు బయలుదేరును.

ఆ సోదరికి

అమ్మా! మీ అత్తగారి మాటలో కోపముకంటె మనుమల యెడ భయమే ఎక్కువ యని నాకు తోచుచున్నది. ఆ భయము న్యాయమైనదే. కావున ఎదురాడక, నలువది దినముల గడువు అడుగుడు. కుక్క పోయినను పురుగు పోదని, ఖాళీ యింట సైతము అది నెలలకొలది కాచియుండునని నెమ్మదిగా చెప్పుడు. నీటిచుక్కతో చేయు పరీక్షను ఆమె యెదుటనే చేసి చూపుడు. పరుపులు ఎండవేయుట, మూలలు ఊడ్పించుట, పొదలు నఱికించుట ఆమె ఏండ్లతరబడి చేసిన పనులే. ఆ పెత్తనము ఆమెకే అప్పగింపుడు. దువ్వెన పని పెద్దపిల్లవానికిండు. ప్రతి సాయంకాలము ఎన్ని పురుగులు చిక్కినవో గోడపైని క్యాలెండరులో వ్రాయుమనుడు. ఆ లెక్క మొదటి రెండు మూడు వారములు తగ్గక, ఒక్కొక్కప్పుడు పెరుగుటయు గలదు. అవి గూళ్లనుండి క్రొత్తగా వెలువడునవి, కావున ధైర్యము విడువవలదు. ఊడ్చుట, ఉతుకుట మానకున్నచో పిదప తగ్గుముఖము పట్టును. మండలము పూర్తియైన పిదప మఱియొక నెల వారమునకు రెండుమాఱులు దువ్వి చూచుచుండుడు.

మహాభారతము మొదటనే, ఏ తప్పును చేయని తన బిడ్డను కొట్టిరని దేవశుని సరమ జనమేజయుని సభకు వచ్చి అడిగిన కథ యున్నది. ఆ ప్రశ్నకు ఆ సభలో ఎవరును సమాధానము చెప్పలేకపోయిరి. మీ కుక్కను ఊరవతల విడిచినచో మీ పిల్లలును అదే ప్రశ్న వేయుదురు. దానికి సమాధానము వెదకుటకంటె చీపురును, దువ్వెనను చేతబట్టుట తేలిక.

నలువది దినములైన పిదప మీ యింటి సమాచారము వ్రాసినచో, తక్కిన సోదరీమణులకును ఉపయోగపడునట్లు ఈ శీర్షికయందే ప్రకటింతుము.